బాగానే ఉన్నానన్న మాట వెనుక

ఆదివారం ఆరాధన ముగిశాక గుమ్మం దగ్గర నిలబడి "ఎలా ఉన్నారమ్మా?" అని అడుగుతాం. "దేవుని కృపవల్ల బాగానే ఉన్నానండి అయ్యగారూ" అంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి ఇక నిద్రపట్టని సంగతి ఆ మాటలో ఉండదు. మనమూ అంతకు మించి అడగం.

డిప్రెషన్ అంటే ఒక్క దిగులే కాదు. 2001లో వెలువడిన పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పత్రాన్ని నేడు అనేక దేశాల్లో సాధారణ వైద్యులు వాడుతున్నారు. గడచిన రెండు వారాలను గురించి అందులో తొమ్మిది ప్రశ్నలుంటాయి: ఆసక్తి తగ్గడం, దిగులు, నిద్ర, నీరసం, ఆకలి, తన్ను తాను నిందించుకోవడం, ఏకాగ్రత, కదలికల్లో మందగింపు లేక స్థిమితం లేకపోవడం, చావు తలంపులు. ఒక్కొక్కదానికి 0 నుండి 3 మార్కులు, మొత్తం 27. 10 లేక అంతకు మించి వస్తే వైద్యుడు లోతుగా పరిశీలించాలి.

మొత్తం ఒక్కటే చూస్తే చాలదు. ఒక సహోదరికి మొదట 16 వచ్చిందనుకుందాం. మందు మొదలుపెట్టిన ఆరు వారాలకు అది 11 అయింది. "తగ్గుతోంది" అని పంపేయవచ్చు. కాని ఒక్కొక్క ప్రశ్న విడిగా చూస్తే దిగులు 3 నుండి 1కి దిగింది. నిద్రకు, నీరసానికి మాత్రం ఇంకా 3 చొప్పునే ఉన్నాయి. అప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. రాత్రి వేసుకునే మాత్రే నిద్ర చెడగొడుతోందా? రక్తహీనత ఉందా? థైరాయిడ్ పరీక్ష చేయించారా? జవాబును బట్టి చికిత్స మారుతుంది. ఇక తొమ్మిదో ప్రశ్నకు 0 కాస్తా 1 అయితే, మొత్తం ఎంత తగ్గినా సరే, ఆ రోజే కూర్చుని మాట్లాడాలి.

కుటుంబాలు చేయగలిగింది ఉంది. రెండు వారాలకోసారి ఈ తొమ్మిదీ ఒక నోటుపుస్తకంలో విడివిడిగా రాసి వైద్యునికి చూపండి. మందు పనిచేయడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు ఆపవద్దు. ఆ పుస్తకంలోని మాటలు కూటంలో ప్రార్థన మనవిగా చదవడానికి కావు. ఒకసారి నలుగురిలో నలిగితే, ఆ మనిషి మళ్లీ నిజం రాయరు.

విశ్వాసం తక్కువై ఇలా అయిందని అనే నోళ్లు మన సంఘాల్లో ఉన్నాయి. బదరీవృక్షం క్రింద ప్రాణం విసిగి పడుకున్న ఏలీయాకు మొదట దొరికింది మందలింపు కాదు. నిద్ర, రొట్టె, నీళ్లు.

చావు తలంపులు వస్తుంటే ఆలస్యం చేయకండి. ఆ మనిషిని ఒంటరిగా విడువకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు; తెలుగులో మాట్లాడతారు.

వచ్చే ఆదివారం గుమ్మం దగ్గర ఇంకొక్క ప్రశ్న అడుగుదాం: "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?"