ఒక చెవికి కాక్లియర్ ఇంప్లాంట్.. మరి రెండో చెవికి ఏ హియరింగ్ ఎయిడ్ తీసుకోవాలి?

ఇయర్‌బడ్స్ కొంటే కుడి, ఎడమ రెండూ ఒకే బాక్స్‌లో వస్తాయి. నా విషయంలో అలా కుదరదు. నా ఎడమ చెవిలో కాక్లియర్ ఇంప్లాంట్ ఉంది, కుడి చెవికి హియరింగ్ ఎయిడ్ పెట్టుకుంటాను. దీన్నే బైమోడల్ అంటారు. బేగంపేట, అమీర్‌పేట, పంజాగుట్ట వైపు ఏ హియరింగ్ సెంటర్‌కి వెళ్లినా నాకు ముందు చెప్పే ఫీచర్ బ్లూటూత్. నిజానికి అది లిస్టులో మూడోది.

అసలు రెండోది ఎందుకు?

ఇంప్లాంట్ శబ్దాన్ని పెద్దది చేయదు. దాన్ని కరెంట్ సిగ్నల్‌గా మార్చి ఎలక్ట్రోడ్ల ద్వారా నేరుగా వినికిడి నరానికి పంపుతుంది. కాక్లియర్ కంపెనీ ఇంప్లాంట్‌లో 22 ఎలక్ట్రోడ్లు ఉంటాయి, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, మెడ్-ఎల్‌లో 12. మాటలు అర్థం కావడానికి ఇవి చాలావరకు సరిపోతాయి. కానీ బేస్, స్వరం, పాటలోని రాగం మాత్రం పలచబడతాయి. చాలామందికి రెండో చెవిలో మిగిలే వినికిడి సరిగ్గా ఈ తక్కువ ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. హియరింగ్ ఎయిడ్ పని ఆ లోటు పూడ్చడం.

ఏ వరుసలో చూడాలి?

1. పవర్: ముందు తాజా ఆడియోగ్రామ్ తీయించండి. లోపం తీవ్రంగా ఉంటే చెవి వెనక పెట్టుకునే పవర్ మోడల్, చెవికి కొలత తీసి చేసిన ఇయర్ మోల్డ్ కావాలి. ఓపెన్ డోమ్ ఉన్న చిన్న మోడల్ చూడటానికి స్టైల్‌గానే ఉంటుంది, కానీ మనకు కావాల్సిన బేస్ అంతా బయటికి లీకైపోతుంది.

2. ఇంప్లాంట్ బ్రాండ్: కాక్లియర్‌కి రీసౌండ్‌తో పొత్తు ఉంది. అడ్వాన్స్‌డ్ బయోనిక్స్, ఫోనాక్ రెండూ సొనోవా గ్రూపువే. మెడ్-ఎల్ స్టార్కీతో కలిసి పనిచేస్తోంది. బ్రాండ్ కలిసినంత మాత్రాన సరిపోదు, మీ ప్రాసెసర్ మోడల్‌తో ఆ హియరింగ్ ఎయిడ్ మోడల్ పనిచేస్తుందో లేదో కూడా చూసుకోవాలి.

3. ఫోన్: అడ్వాన్స్‌డ్ బయోనిక్స్ మార్వెల్ ప్రాసెసర్, దానికి జతగా వచ్చే ఫోనాక్ లింక్ మోడల్ మామూలు బ్లూటూత్‌తోనే నడుస్తాయి. కాక్లియర్, రీసౌండ్ జోడీకి ఐఫోన్ సపోర్ట్ ఉంది. ఆండ్రాయిడ్‌లో అయితే ఆశా అనే ప్రోటోకాల్ ఉన్న ఫోన్ కావాలి. ఇది ఆండ్రాయిడ్ 10తో వచ్చింది, అయినా అన్ని ఫోన్లలో ఉండదు.

పవర్ చాలని జోడీ మోడల్ కంటే, చెవికి సరిగ్గా సెట్ చేసిన వేరే బ్రాండ్ మిషనే నయం. స్ట్రీమింగ్ ఒకే చెవికి వచ్చినా సర్దుకోవచ్చు. ఎదురుగా ఉన్న మనిషి మాట అందకపోతే మాత్రం సర్దుకోలేం.

ట్రయల్ ఇలా చేయండి

నిశ్శబ్దంగా ఉన్న గదిలో ప్రతి మిషనూ బాగానే వినిపిస్తుంది. ట్రయల్‌కి అడిగి తీసుకోండి. అమీర్‌పేట మెట్రో స్టేషన్ లాంటి రద్దీ చోట ఒకసారి ఇంప్లాంట్‌తో మాత్రమే, ఒకసారి హియరింగ్ ఎయిడ్‌తో మాత్రమే, తర్వాత రెండూ పెట్టుకుని పక్కనున్న ఫ్రెండ్‌తో మాట్లాడండి. రెండూ కలిసినప్పుడు మాట ఇంకా స్పష్టంగా రావాలి. గందరగోళంగా ఉంటే వెంటనే మిషన్ మార్చేయకండి. ముందు ఆడియాలజిస్ట్ చేత రెండు చెవుల సౌండ్ సమానంగా బ్యాలెన్స్ చేయించండి. రెండు పరికరాలకూ ప్రాసెసింగ్‌లో కొన్ని మిల్లీసెకన్ల తేడా ఉంటుంది, అలవాటు పడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు.

ఆపరేషన్ ఇంకా కాకపోతే?

అయితే ఈ లిస్టు ఇప్పుడే చదవండి. ఫోన్ నచ్చకపోతే రెండేళ్లకు మార్చేస్తాం. ఇంప్లాంట్ లోపలి భాగం అలా కాదు, ఒకసారి పెట్టాక ఏళ్ల తరబడి అదే కంపెనీ ప్రాసెసర్ వాడాలి. అంటే రెండో చెవికి ఏ జోడీ దొరుకుతుందనేది కూడా ఆ రోజే సగం తేలిపోతుంది. అందుకే సర్జన్‌ని, ఆడియాలజిస్ట్‌ని ముందే అడగండి.

మీ ఇంట్లో పిల్లలకు ఒక చెవికే ఇంప్లాంట్ అయ్యి, రెండో చెవిలో కొంత వినికిడి మిగిలి ఉంటే పాత మిషన్‌ని బీరువాలో పెట్టేయకండి. వాడకపోతే ఆ చెవికి మాట అర్థం చేసుకునే అలవాటు తగ్గిపోతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కొనేముందు అక్కడ ఒకసారి పరీక్ష చేయించి, ఆ రిపోర్టు చేతిలో పెట్టుకుని షాపుకి వెళ్లండి.