నిలబడి నడిపే స్కూటరు

స్కూటరంటే మనకు కూర్చుని నడిపే బండి. పారిస్ నగరంలో నిలబడి నడిపే స్కూటరు ఒకటున్నది. ఒక సన్నని పలక, ముందొకటి వెనకొకటి చిన్న చక్రాలు, పట్టుకోవటానికి నిలువు కడ్డీ, నడపటానికి బ్యాటరీ. అంతే! ఫ్రెంచివారు దీన్ని త్రొతినెత్ అంటారు. కాలిబాటను త్రొత్వార్ అంటారు. పరుగులాంటి నడకను చెప్పే ఒకే మాట నుంచి రెండూ పుట్టాయి. పేర్లకు చుట్టరికం ఉన్నదేగాని, ఆ రెంటికీ పొత్తు కుదరలేదు.

2018లో కంపెనీలు వీటిని వీధుల్లో అద్దెకు పెట్టాయి. ఫోనుతో తాళం తీసి ఎక్కటం, దిగినచోటే వదిలేసి పోవటం. పొగ లేదు, చప్పుడూ లేదు. ఆ చప్పుడు లేకపోవటమే చిక్కు తెచ్చింది! కాలిబాట మీద నడిచే పెద్దవారికి వెనక బండి వస్తున్న సంగతే తెలిసేది కాదు. అడ్డదిడ్డంగా వదిలేసిన బండ్లు చూపులేనివారి కాళ్లకు తగిలేవి.

ఒక లెక్క చేయండి. గంటకు 20 కిలోమీటర్లంటే సెకనుకు ఎన్ని మీటర్లు? సుమారు అయిదున్నర. ఎదుట మనిషిని చూసి బ్రేకు నొక్కేలోగా ఒక సెకను గడిచిందనుకోండి. బండి అయిదున్నర మీటర్లు వచ్చేసిందన్నమాట. వేగం సగం చేస్తే ఆ దూరం సగమవుతుంది. కాని దెబ్బకు మూలమైన గతిజశక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది! ఎందుకో మీ లెక్కల మాష్టారిని అడగండి.

2021 జూన్‌లో సెన్ నది ఒడ్డున నడుస్తున్న 31 ఏళ్ల యువతిని, ఇద్దరెక్కిన స్కూటరొకటి గుద్దింది. పాపం, ఆమె బతకలేదు. ఆ ఏడాదే రద్దీ ఉన్న అనేక చోట్ల అద్దె స్కూటర్ల వేగం 10 కిలోమీటర్లకు తగ్గించారు. అప్పటికే మూడు కంపెనీలకు మాత్రమే, ఒక్కొక్క దానికి 5,000 బండ్ల చొప్పున అనుమతి ఉండేది. అయినా జనం గొణుగుడు ఆగలేదు.

చివరకు 2023 ఏప్రిల్ 2న నగరపాలకులు జనాన్నే వోటు అడిగారు. వోటేసినవారిలో నూటికి 89 మంది అద్దె స్కూటర్లు వద్దన్నారు. అయితే వోటుహక్కు ఉన్న నూరుమందిలో వచ్చి వోటేసినవారు ఏడెనిమిది మందే! రానివారి మాట ఎవరికి తెలుసు? ఆగస్టు ఆఖరుకు అద్దె బండ్లన్నీ వెళ్లిపోయాయి. నన్నడిగితే బండి మంచిదే. ముందు దానికొక దారి, నిలిపే చోటు చూపించి, తరవాత వీధిలోకి వదలవలసింది.

సొంత స్కూటర్లను మాత్రం నిషేధించలేదు. నడిపేవారికి 14 ఏళ్లు నిండాలి. ఒక్కరే ఎక్కాలి. త్రొత్వార్ ఎక్కితే జరిమానా 135 యూరోలు!