రోప్‌వే కింద రాతికట్ట

కజకిస్తాన్‌లోని అల్మాటీలో మెడిసిన్ చదివే తెలుగు పిల్లల్లో మా అమ్మాయి ఒకతె. "సిటీ బస్సెక్కి మంచుకొండల్లోకి పోదాం నాన్నా" అంటే నమ్మలేదు. పన్నెండో నంబరు బస్సు మమ్మల్ని తిన్నగా మెదేయు స్కేటింగ్ రింక్ దగ్గర దించింది. దాని ఎత్తు 1,691 మీటర్లు. మన తూర్పు కనుమల శిఖరాలు దాదాపు అక్కడితో సరి.

అక్కడి నుంచి పైనున్న స్కీ రిసార్ట్ షింబులాక్‌కు రోప్‌వే ఎక్కాం. సుమారు నాలుగున్నర కిలోమీటర్ల ఈ రోప్‌వే 2011 ఆసియా శీతాకాల క్రీడల నాటిది. తాడు ఆగకుండా నడుస్తూనే ఉంటుంది. స్టేషన్లోకి రాగానే క్యాబిన్ పట్టు విడిచి, పట్టాల మీద మెల్లగా సాగుతుంది. మనం ఎక్కాక వేగం అందుకుని మళ్లీ తాడును పట్టుకుంటుంది.

కాసేపటికి లోయకు అడ్డంగా ఓ పెద్ద రాతికట్ట కనిపించింది. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసినవాణ్ణి, కళ్లు దానికే అతుక్కుపోయాయి. సాగుకో తాగునీటికో కట్టింది కాదది, బురదను ఆపడానికి కట్టింది! పైన హిమానీనదాల దగ్గర మంచు కరిగి మడుగులు కడుతుంది. వాటి గట్టు తెగితే బురద, బండరాళ్లు కలిసి లోయలోకి విరుచుకుపడతాయి. 1921లో అలాంటి ప్రవాహమే ఊళ్లోకి వచ్చి వందలమందిని బలితీసుకుంది. అందుకే 1966లో ఒకవైపు కొండను, 1967లో రెండోవైపు కొండను పేల్చి, ఆ రాళ్లనే లోయలో కట్టగా పడేలా చేశారు.

1973 జూలైలో బురద ప్రవాహం మళ్లీ వచ్చింది. కట్ట ఆపింది గానీ, తూములు పూడుకుపోయి వెనక నీరు పెరగసాగింది. చెరువు కింద బతికినవాళ్లకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పాలా? పంపులు, గొట్టాలు తెచ్చి నీటిని తోడిపోశారు. ఊరు బతికింది. ఆ రోజుల్లో ఆ కట్ట మీద పనిచేసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది. తర్వాత కట్టను ఇంకా ఎత్తు చేశారు.

షింబులాక్‌లో రోప్‌వే మారి, ఇంకా పైకి వెళ్తే తల్గార్ కనుమ, సుమారు 3,200 మీటర్లు. మెదేయు కంటే అక్కడ పది డిగ్రీల దాకా చలి ఎక్కువ. వేసవిలోనైనా స్వెట్టర్ ఉండాలి. అందరూ మంచు కోసం పైకే చూస్తారు. మీరు వెళ్తే మాత్రం కిందికి కూడా చూడండి. ఓపికుంటే, దిగాక ఆ కట్ట మీదికి ఉన్న 842 మెట్లూ ఎక్కండి.