‘గ్లోరీ’: నటన పట్టిన నిజం, కథ వదిలేసిన చరిత్ర

1861 నుంచి 1865 వరకు అమెరికాలో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య జరిగిన అంతర్యుద్ధానికి బానిసత్వమే మూలకారణం అయినప్పటికీ, ఆ యుద్ధంలో నల్లజాతివారు స్వయంగా తుపాకీ పట్టి పోరాడిన సంగతిని హాలీవుడ్ చాలాకాలం పట్టించుకోలేదు. ఎడ్వర్డ్ జ్విక్ దర్శకత్వంలో 1989లో వచ్చిన ‘గ్లోరీ’ ఆ లోటును తీర్చే ప్రయత్నం చేసింది.

కథకు ఆధారమైన 54వ మసాచుసెట్స్ రెజిమెంట్, అంటే ఒక కల్నల్ నాయకత్వంలో సుమారు వెయ్యిమందితో ఏర్పడిన పటాలం, చరిత్రలో నిజంగా ఉన్నదే. అందులో సైనికులు నల్లవారు, పై అధికారులు తెల్లవారు. బానిసత్వాన్ని వ్యతిరేకించిన బోస్టన్ కుటుంబానికి చెందిన కల్నల్ రాబర్ట్ గూల్డ్ షా 1863 జూలై 18న, దక్షిణ కెరొలైనా తీరంలోని వాగ్నర్ కోటపై దాడిలో, ఇరవై అయిదేళ్ల వయసులో మరణించాడు. ఆ పాత్రలో మాథ్యూ బ్రాడరిక్ కనబరిచిన తడబాటును లోపంగా ఎంచినవారున్నారు గాని, అంత చిన్న వయసులో అంతటి బాధ్యత నెత్తిన పడినవాడికి ఆ బిగుసుకుపోయిన తీరు సహజమే.

నటనకూ చరిత్రకూ మధ్య అసలు చిక్కు కొరడా దెబ్బల సన్నివేశంలో ఉంది. డెంజెల్ వాషింగ్టన్ పోషించిన ట్రిప్ కల్పిత పాత్ర. బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన అతడు బూట్ల కోసం శిబిరం దాటి వెళ్లి, పారిపోయాడన్న నేరానికి శిక్ష అనుభవిస్తాడు. చొక్కా తొలగించగానే వీపుపై పాత దెబ్బల మచ్చలు బయటపడతాయి; కొరడా పడుతున్నంతసేపూ అతని చూపు షా ముఖాన్ని విడవదు, చెంప మీదుగా ఒక కన్నీటి చుక్క జారుతుంది. ఈ చిత్రంలోని నటనకు వాషింగ్టన్‌కు ఉత్తమ సహాయ నటుడిగా ఆస్కార్ లభించింది. అయితే అమెరికా సైన్యంలో కొరడా శిక్షను 1861లోనే చట్టం రద్దు చేసింది కనుక, ఆ శిబిరంలో అది జరిగే వీలు లేదు. జరగని ఘటన ద్వారా, బానిసలు పనిచేసిన తోటల్లో తరతరాలుగా జరిగినదాన్ని ఆ నటుడు చూపగలిగాడు; అది కాదనలేని ఘనత.

కాని అంతటి నటన ఉన్నందువల్లే చిత్రం చేసిన మరింత పెద్ద మార్పు ప్రేక్షకుడి కంట పడదు. తెరపై పటాలం ఎక్కువగా పారిపోయి వచ్చిన బానిసలతో నిండి ఉంటుంది. వాస్తవంలో అత్యధికులు ఉత్తరాదిన స్వతంత్రులుగా బతికిన రైతులు, కూలీలు, నావికులు, క్షురకులు. బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నేత ఫ్రెడరిక్ డగ్లస్ చిత్రంలో కనిపిస్తాడు, అదే పటాలంలో పనిచేసిన అతని కొడుకులు లూయిస్, చార్లెస్‌లు కనిపించరు. అప్పటికే స్వేచ్ఛ ఉన్నవారు ఇతరుల స్వేచ్ఛ కోసం ప్రాణాలకు తెగించడం ఇంకా గొప్ప కథ అయి ఉండేది.

వాగ్నర్ దాడి చిత్రణలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. దాడికి వెళ్లిన దాదాపు 600 మందిలో 270కి పైగా చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగిందన్నది నిజం. తెరపై పడిపోయిన జెండాను ఎత్తిన ట్రిప్ అక్కడే కూలిపోతాడు. అసలు జెండాను కాపాడిన సార్జెంట్ విలియం కార్నీ గాయాలతోనే దాన్ని వెనక్కి తెచ్చి, బతికి, 1900లో అమెరికా అత్యున్నత సైనిక పతకమైన మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నాడు. కోట ఎన్నటికీ చిక్కలేదని ముగింపు అక్షరాలు చెబుతాయి గాని, అది చిక్కనిది ఆ దాడిలో మాత్రమే. 1863 సెప్టెంబరులో దక్షిణాది సేన ఖాళీ చేసి వెళ్లాక ఉత్తరాది సైన్యం దాన్ని ఆక్రమించింది.

మిగిలిన సైనికులు 1864 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని ఒలస్టీ వద్ద మళ్లీ పోరాడారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లు ఇస్తూ, తమకు 10 డాలర్లు, అందులోనూ దుస్తుల కింద 3 డాలర్ల కోత పెట్టడంపై వారు చేసిన నిరసనను చిత్రం ఒక్క ఆవేశభరిత సన్నివేశంలో తేల్చేస్తుంది. నిజానికి ఆ జీతాన్ని వారు నెలల తరబడి తిరస్కరిస్తూ, తేడాను తామే భరిస్తామన్న మసాచుసెట్స్ ప్రభుత్వ సాయాన్ని కూడా కాదని, 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన జీతం చట్టం చేసేదాకా పట్టు వీడలేదు.