బ్రేకుకు పని తగ్గితే

అమ్మడూ, నీ ఎలక్ట్రిక్ కారు వాన పడిన మర్నాడు పొద్దున్నే గరగరమంటోందనీ, ఫుల్ చార్జింగు పెట్టిన రోజున యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినా కారు నెమ్మదించడం లేదనీ అడిగావు కదా. ఈ కార్లు కొన్న చాలామంది చెప్పే మాటే ఇది. కంగారు పడకు. ముందు అసలు బ్రేకు చేసే పనేమిటో చూద్దాం.

1500 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకో. అంటే సెకనుకు 20 మీటర్లు. బరువులో సగం 750. దాన్ని 20తో, మళ్లీ 20తో గుణించు. 3 లక్షల జౌళ్లు వస్తాయి. కారు కదలికలో ఉన్న శక్తి అది. లీటరు చన్నీళ్లను పొయ్యి మీద పెట్టి మరిగేదాకా కాచడానికి ఇంచుమించు అంత శక్తే కావాలి. పెట్రోలు కారు ఆగిన ప్రతిసారీ ప్యాడ్లు డిస్కును పట్టి ఒరుసుకుని ఈ శక్తినంతా వేడిగా మార్చి గాలిలో కలిపేస్తాయి.

నీ కారు అలా పారబోయదు. కాలు తీయగానే మోటారే డైనమో అయిపోతుంది. చక్రాలు దాన్ని తిప్పాలి, తిప్పడానికి బలం ఖర్చవుతుంది, అందుకే కారు నెమ్మదిస్తుంది. పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. దీన్నే రీజెన్ అంటారు. ఊళ్లో నెమ్మదిగా నడిపేవాళ్లకు ప్యాడ్లతో పని పడేది తక్కువ.

చిక్కంతా అక్కడే ఉంది. డిస్కు పోత ఇనుముది. ప్యాడు పట్టే చోట రంగు వేయకూడదు, నూనె అసలే తగలకూడదు. అందుకని ఒక్క రాత్రి తడికే నారింజ రంగు తుప్పు పొర కడుతుంది. పెట్రోలు కారులో నాలుగుసార్లు బ్రేకు తొక్కితే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. నీ కారులో ఆ గీకుడు లేక పొర మందమై, పోనుపోను డిస్కు మీద గుంటలు పడతాయి. ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్ ముందుకీ వెనక్కీ జారే పిన్నులు కూడా కదలిక లేక బిగుసుకుంటాయి. అప్పుడు ప్యాడు డిస్కును వదలక ఒక పక్కే అరిగిపోతుంది. ఇదంతా ఆలోచించే ఫోక్స్‌వాగన్ వాళ్లు ఐడీ.3, ఐడీ.4 కార్ల వెనక చక్రాలకు పాతకాలపు డ్రమ్ము బ్రేకులే పెట్టారు. డ్రమ్ము లోపల మూసి ఉంటుంది కాబట్టి తడీ మురికీ అంతగా చేరవు.

ఇక ఫుల్ చార్జింగు సంగతి. నిండిన బ్యాటరీ ఇంకా కరెంటు పుచ్చుకోలేదు, అందుకని రీజెన్ తగ్గిపోతుంది. తిరుపతికీ తిరుమలకీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1800 కిలోల కారు ఆ కొండ దిగేసరికి దాదాపు మూడున్నర యూనిట్ల శక్తిని వదిలించుకోవాలి. కొంత గాలికీ టైర్లకీ పోగా మిగిలింది బ్యాటరీకి చేరాలి, లేదా డిస్కులు భరించాలి. కాబట్టి కొండ మీద చార్జింగు పెడితే ఎనభై, ఎనభై అయిదు శాతం దగ్గర ఆపెయ్యి.

మూడో సంగతి అప్పగింత. గతుకులో చక్రం జారితే కారులోని కంప్యూటరు రీజెన్ ఆపి, పని ప్యాడ్లకు అప్పగిస్తుంది. అందులో రవ్వంత ఆలస్యమైనా బ్రేకు పట్టు తప్పినట్టు గుండె ఝల్లుమంటుంది. హైబ్రిడ్లలోనూ ఉన్నది ఈ ఏర్పాటే. 2010లో ఇలాంటి ఫిర్యాదులొచ్చే టొయోటా 4 లక్షలకు పైగా ప్రియస్, తదితర హైబ్రిడ్ కార్లను వెనక్కి పిలిచి, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సాఫ్ట్‌వేర్ మార్చింది. అందుకే కంపెనీ నుంచి అప్‌డేట్ వచ్చిందంటే వాయిదా వేయకు.

నువ్వు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వారానికోసారి, వెనక బండ్లు లేనప్పుడు, కాస్త వేగం మీద నాలుగైదుసార్లు గట్టిగా బ్రేకు తొక్కు. కారు కడిగాక ఓ చుట్టు తిప్పి, డిస్కులు ఆరాక షెడ్డులో పెట్టు. ప్యాడ్లు అరగలేదని సర్వీసింగు మానకు. పిన్నులు శుభ్రం చేసి గ్రీజు పెట్టమని నువ్వే అడుగు. బ్రేకు ఆయిల్ వాడినా వాడకున్నా గాలిలో తేమను పీల్చుకుంటుంది. కారు పుస్తకంలో రాసిన గడువుకు మార్పించు.

పొద్దుటి గరగర రెండు మూడు బ్రేకులతో పోతే అది తుప్పే, భయం లేదు. పోకపోయినా, కారు ఒక పక్కకు లాగినా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయినా మాత్రం ఆ రోజు కారు తీయకు తల్లీ. మెకానిక్‌నే ఇంటికి పిలిపించు.