క్యాసెట్టులోని ఆటలు

ఇంటిలో కంప్యూటరుండుట నేడు వింత కాదు. చేతిలోని ఫోనే యొక కంప్యూటరు. కాని ముప్పదియైదేండ్లకు పూర్వము మన కర్నూలు, కడప జిల్లాలలో ఆ యంత్రమును కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. అట్టి దినములలో మా యింటికి వచ్చిన చిన్న కంప్యూటరును గూర్చియు, దాని ఆటలకును టేపు రికార్డరునకును గల చుట్టరికమును గూర్చియు నేడు ముచ్చటింపదలచితిని. శ్రోతలలో పలువురి యిండ్ల అటకలపై పాత క్యాసెట్టులు ఇంకను ఉండవచ్చును గనుక, ఈ ముచ్చట వారి కక్కరకు వచ్చునని నా నమ్మకము.

1982 ఏప్రిలులో ఇంగ్లండున క్లైవ్ సింక్లెయిర్ గారి సంస్థ ‘జడ్. ఎక్స్. స్పెక్ట్రమ్’ అను కంప్యూటరును విడుదల చేసెను. దానికి వేరుగా తెర లేదు. ఇంటిలోని టెలివిజనే తెర. దాని జ్ఞాపకము పెద్ద రకమునందు సయితము 48 కిలోబైట్లు మాత్రమే. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రమునకు అంతకు ఎన్నో రెట్లు చోటు కావలెను. 1984లో మెరుగైన మీటలతో ‘స్పెక్ట్రమ్ ప్లస్’ వచ్చెను. దానినే ఆ దశకపు ఉత్తరార్ధమున మన దేశములో డెసిబెల్స్ అను సంస్థ ‘డి. బి. స్పెక్ట్రమ్ ప్లస్’ అను పేర అమ్మెను. హైదరాబాదులో ఉద్యోగము చేయుచుండిన మా చిన్నమామ 1990 వేసవిలో అట్టి దాని నొకదానిని కర్నూలునకు తెచ్చెను. నాకప్పుడు పదియేండ్లు.

ఆ యంత్రములో ఆటను దాచుకొనుటకు వీలు లేదు. విద్యుత్తు పోయిన మరుక్షణమే అది నేర్చిన దంతయు మరచును. ఆట యుండునది మనము పాటలు వినెడి సాధారణమైన క్యాసెట్టులో. టేపు రికార్డరును తీగతో కంప్యూటరునకు కలిపి, ఆజ్ఞ నిచ్చి, టేపును నడిపింపవలెను. మొదట నొక ఎడతెగని కూత. పిమ్మట చెవులు గింగురుమను గరగర. ఆ గరగరయే ఆట.

అదెట్లన, కంప్యూటరు ఎరిగినవి రెండే అంకెలు: సున్న, ఒకటి. టేపు మీద సున్నకు పొట్టి ధ్వని, ఒకటికి దానికి రెట్టింపు నిడివిగల ధ్వని. మన ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు కదా! సరిగా అదే లెక్క. సెకండునకు సుమారు 1500 లఘుగురువులను ఆ యంత్రము విని, పొల్లుపోక వ్రాసికొనును. అయినను పెద్ద ఆట యెక్కుటకు నాలుగైదు నిమిషములు పట్టెడిది. నాలుగవ నిమిషమున కరెంటు పోయినచో మరల మొదటికి రావలసినదే. కర్నూలు వేసవిలో ఇది మాకు నిత్యానుభవము.

ఆట ధ్వనియే యైనచో రేడియోలో ప్రసారము చేయవచ్చును గదా అని తోచుట సహజము. నిజముగనే చేసిరి. 1980 దశకమున హాలండు రేడియో వారును, బెల్‌గ్రేడు రేడియోలో జోరాన్ మోడ్లీ అను ప్రసారకుడును కంప్యూటరు కార్యక్రమములను ధ్వనిరూపమున ప్రసారము చేయగా, శ్రోతలు ఇండ్లలో టేపు మీద పట్టుకొని యంత్రములకు వినిపించెడివారు.

మా కిష్టమైన ఆట ‘మానిక్ మైనర్’. 1983లో మాథ్యూ స్మిత్ అను పదునేడేండ్ల యువకుడు దానిని వ్రాసెను. గని కార్మికు డొకడు ఇరువది గుహలలో, గాలి అయిపోవు లోపల, తాళపుచెవులు ఏరుకొని బయటపడవలెను. బేతంచెర్ల గనుల కథలు విని పెరిగిన మాకు ఆ కార్మికుడు పరాయివాడుగా తోచలేదు.

మా అవ్వ మాత్రము ఆ తెరను చూచి నవ్వెడిది. “పులి మేక కంటె గొప్పదా నాయనా యిది?” అని, నాపబండ మీద బొగ్గుతో గీతలు గీసి, మూడు పులులు తాను పట్టి, పదునైదు మేకలు నాకిచ్చి, తరచుగా నన్నే ఓడించెడిది. ఆ పంతముతోనే నేను బేసిక్ భాషలో పులి మేక ఆటను వ్రాయ మొదలిడితిని. వ్రాసినది నిలుపుకొనుటకు క్యాసెట్టు కావలెను. చేతికి దొరికినది తీసికొంటిని. అందులో మా నాయన పట్టియుంచిన అవ్వ రోకటి పాటలు ఉన్నవని నే నెరుగను. దిద్దినప్పుడెల్ల దానిపైననే నిలిపితిని.

టేపు రికార్డరు క్రొత్త ధ్వనిని పట్టుటకు ముందు పాతదానిని చెరిపివేయును. మరుసటి యేడు అవ్వ గతించెను. దినకర్మలు ముగిసిన పిమ్మట నాయన ఆ క్యాసెట్టును పెట్టగా ఇల్లంతయు గరగర నిండెను. ఆయన నన్నేమియు అనలేదు. టేపు నాపి బయటకు పోయెను. ఆ మౌనము నా కిప్పటికిని వినబడును.

ప్రసారకుడనైన చాల ఏండ్లకు ఆ క్యాసెట్టును జాగ్రత్తగా కంప్యూటరులోనికి ఎక్కించితిని. గరగర ముగిసిన చోట, చెరగక మిగిలిన అర నిమిషమున, అవ్వ పాటలోని కడపటి చరణము వినవచ్చెను. పాత స్పెక్ట్రమును అనుకరించు సాధనములు నేడు కలవు. వానికి ఆ గరగరను వినిపింపగా నా పులి మేక బల్ల తెరపై లేచెను. రెండును వేరువేరుగా భద్రపరచితిని. నాయనకు మొదట వినిపించినది పాటనే.

కావున శ్రోతలకు నా విన్నపము. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న రెక్కలుండును. వానిని విరిచినచో దానిపై మరల రికార్డు చేయుటకు వీలుపడదు. మా యింట ఆ పని చేసియుండినచో పాట మిగిలెడిది. క్యాసెట్టులను ఎండకు, దుమ్మునకు, లౌడుస్పీకరులలోని అయస్కాంతములకు దూరముగా నుంచుడు. టేపు మీది పూత కాలక్రమమున చెడును గనుక జాగు చేయక ప్రతి తీయించుడు. పేరు వ్రాయని క్యాసెట్టునుకూడ చివరివరకు వినక పారవేయకుడు. గరగరయే వినబడినను, దాని వెనుక ఎవరి గొంతు మిగిలియున్నదో!