చేను అమ్మితేనే విదేశీ చదువా?

అనంతపురం జిల్లా శింగనమల చుట్టుపక్కల పల్లెల్లో పిల్లవాడు బీటెక్ చివరి ఏడాదికి వచ్చాడంటే ఇంట్లో రెండు మాటలు మొదలవుతాయి: అమెరికా, చేను. వానను నమ్మలేని నేల మీద శెనక్కాయ వేసుకుని బతికే కుటుంబం తనకున్న ఒక్క ఆస్తినీ పణంగా పెట్టడానికి సిద్ధపడుతుంది. కొన్ని అపోహలే ఆ కుటుంబాన్ని అక్కడిదాకా తెస్తున్నాయి.

అపోహ: పొలం పాసుపుస్తకం చూపిస్తే బ్యాంకు అప్పిస్తుంది.

వాస్తవం: విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. సాగుభూమిని మాత్రం చాలా బ్యాంకులు హామీగా తీసుకోవు. బాకీ తీరకపోతే కోర్టుకు వెళ్ళకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు 2002 నాటి సర్ఫేసీ చట్టం కల్పించింది. అది వ్యవసాయ భూమికి వర్తించదు. దాంతో బ్యాంకు కాదన్న రైతు ఊళ్ళో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తాడు. అంటే ఏడాదికి 24 శాతం. కొడుకు రెండేళ్ళ కోర్సు ముగిసేసరికి అసలులో దాదాపు సగం వడ్డీయే పేరుకుపోతుంది.

అపోహ: విదేశీ చదువు డబ్బున్నవాళ్ళకే.

వాస్తవం: ఈ మాటే మన పిల్లలకు అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద ఏటా 125 మంది వరకు పీజీకి, పీహెచ్‌డీకి విదేశాలకు పంపుతుంది. ఫీజు, విమాన ఖర్చు, జీవన భృతి అన్నీ అందులోనే. 115 స్థానాలు ఎస్సీలవి. మిగిలినవి విముక్త, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తులవారి పిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు, వయసు 35 లోపు ఉండాలి, అర్హత పరీక్షలో 60 శాతం మార్కులు కావాలి. క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల జాబితాలో మొదటి 500 సంస్థల్లో ఒకదాని నుంచి ప్రవేశం వచ్చి ఉండాలి. శింగనమల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఇక్కడి ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీద ఉండాల్సిన సమాచారం ఇది.

కులంతో, ఆదాయంతో నిమిత్తం లేనిది ఐరోపా సమాఖ్య ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్. ఎంపికైతే ఫీజు లేదు, పైగా నెలకు 1,400 యూరోలు. రెండేళ్ళలో కనీసం రెండు దేశాల్లో చదువు. పోటీ మాత్రం గట్టిదే.

అపోహ: జర్మనీలో అంతా ఉచితం.

వాస్తవం: చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు లేదు, నిజమే. కానీ బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో ఐరోపా సమాఖ్య బయటి దేశాలవారు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. వీసాకు ముందు బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాది ఖర్చు వేసి చూపాలి. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని 11,904 యూరోలు చేశారు. ఆ డబ్బు మనదే, నెలనెలా మనకే వస్తుంది. అయినా ముందు కూడబెట్టాలి కదా. 2022 నవంబరు నుంచి, మన డిగ్రీ అసలైనదేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం కూడా తప్పనిసరి.

అపోహ: అమెరికా విశ్వవిద్యాలయం వీసా కోసం ఇచ్చే ఐ-20 పత్రం చేతికొస్తే ఇక భయం లేదు.

వాస్తవం: 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీపై వీసా మోసం ఆరోపణతో అధికారులు దాడి చేసినప్పుడు బాధితుల్లో అత్యధికులు తెలుగు పిల్లలే. కొందరి కాళ్ళకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో బయటపడ్డ మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ప్రభుత్వమే వలగా పెట్టిన ఉత్తుత్తి సంస్థ. తరగతులే జరగని చోట చేరడం తప్పని తెలిసీ చేరినవారు ఉండొచ్చు, దళారి మాట నమ్మి చేరినవారూ ఉన్నారు. సలహా ఉచితమనే కన్సల్టెన్సీల్లో చాలావాటికి విద్యార్థిని చేర్చినందుకు విశ్వవిద్యాలయం నుంచి కమీషన్ అందుతుంది. వాళ్ళు చూపే జాబితా ఎవరి మేలు కోసమో తల్లిదండ్రులు అడిగి తీరాలి.

అపోహ: పేరుమోసిన విశ్వవిద్యాలయం కాకపోతే వృథా.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ సీఈఓ సత్య నాదెళ్ళ పూర్వీకుల ఊరు ఈ నియోజకవర్గంలోనే ఉంది, యల్లనూరు మండలం బుక్కాపురం. ఆయన ఎంఎస్ చేసింది హార్వర్డ్‌లోనో స్టాన్‌ఫర్డ్‌లోనో కాదు, విస్కాన్సిన్-మిల్వాకీలో. ఐఏఎస్ అధికారి కొడుకుగా ఆయనకున్న వెసులుబాటు కూలి ఇంటి బిడ్డకు లేదు, అది మరవకూడదు. కానీ గుర్తింపు, కోర్సు, ఖర్చు చూసుకుంటే ర్యాంకు ఒక్కటే అన్నీ తేల్చదని అర్థమవుతుంది. స్కాలర్‌షిప్ నిబంధన ర్యాంకు అడిగితే అది వేరే లెక్క.

డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న పిల్లలకు నా మనవి: పాస్‌పోర్టుకు ఇప్పుడే దరఖాస్తు చేయండి, ఇంగ్లిషు పరీక్షకు చదవడం మొదలుపెట్టండి, ఆదాయ, కుల ధ్రువపత్రాలు సిద్ధం చేసుకోండి. స్కాలర్‌షిప్ ఫలితం తేలేదాకా చేను బేరం పెట్టవద్దని ఇంట్లో గట్టిగా చెప్పండి.